చెలెస్తీనా అత్త గిన్నెలో బరోలో

మానవజాతి నిప్పు కనిపెట్టింది, చక్రం కనిపెట్టింది. ఆ రెండూ చాలవని మా ఊరు భోజన పొత్తుల కార్యాలయాన్ని కనిపెట్టింది. ఏ వంటకం సరసన ఏ వైన్ కూర్చోవాలో తేల్చేది వాళ్ళే. మా లాంగె కొండల బరోలో అసలే మొండిఘటం, నాలుకని పట్టి పీకే ఎర్ర వైన్. దానికి కుదిరే సంబంధాలు ఎద్దుమాంసం, అడవిపంది, బాగా పాతబడ్డ చీజ్. చేపతో వడ్డిస్తే హోటలు మూయించేస్తారు. (కోడితో అయితే మందలించి వదిలేస్తారు, కోడి నడవడిక మంచిదైతే.) నేనూ ఇక్కడ చిన్న హోటలు నడుపుతున్నాను కాబట్టి ఆ ఆఫీసంటే నాకెంత భక్తో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారానికి మా చెలెస్తీనా అత్తకి తొంభై నిండుతాయి. పళ్ళు లేవు గానీ రోషం ఉంది. ఆవిడ కోరిక ఒక్కటే. మాంసం కూరిన పిండి పొట్లాలు, అవే మా ఆన్యొలొట్టి, వేడి సూప్‌లో పడాలి. దాని మీద గ్లాసెడు బరోలో ఒంపుకుని, చుట్టాలందరి ముందూ గిన్నె ఎత్తి తాగాలి. తాతల నాటి నుంచీ ఇక్కడ పండగ భోజనం అలాగే మొదలవుతుంది.

విందు మా హోటల్లోనే కాబట్టి అనుమతి కోసం ఇద్దరం ఆ ఆఫీసుకి వెళ్ళాం. మొదటి కిటికీలో సొబ్రేరో గారు.

"వైన్ గిన్నె పక్కన ఉంటే నా పరిధి మామ్మగారూ. గిన్నెలో ఉంటే రెండో కిటికీ."

రెండో కిటికీలో ఇర్మా గారు.

"పొయ్యి మీద ఉండగా పోస్తే వంట, అది నాది. బల్ల మీద పోసుకుంటారా? అయితే పక్క కిటికీకి వెళ్ళండి."

"ఆ పక్క కిటికీవాడే మమ్మల్ని ఇటు తోలాడు తల్లీ!"

"పోనీ, వైన్ పక్కన పెట్టుకుని తాగొచ్చుగా మామ్మగారూ?"

"నువ్వు కాఫీ తాగేటప్పుడు పంచదార పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చుంటావా?"

ఇర్మా గారు ఈ ప్రశ్నని పైఅధికారులకి పంపారు. (పంచదారకి వేరే ఆఫీసు ఉందట.)

కమిటీ వేశారు. గిన్నెలో పడ్డాక బరోలో ఇంకా వైనేనా, సూప్ అయిపోయిందా? సూప్ అయితే పక్కన తెల్ల వైన్ పెట్టాలి కదా? తెల్ల వైన్ పెడితే లోపలున్న ఎర్ర వైన్ నొచ్చుకోదా? ఈ చిక్కుముడి విడేదాకా అత్త ఒంపుకోరాదని ఉత్తర్వు వచ్చింది. ఒంపుకోకుండా కాపలా కాయడానికి సొబ్రేరో గారు విందుకి విచ్చేస్తారని కూడా అందులోనే ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు. పాపం, అత్త ఏడాదిగా ఈ రోజు కోసమే కాచుక్కూర్చుంది.

ఆదివారం ఆయన అత్తకి ఎదురుగా కూర్చున్నాడు. విందుకొచ్చిన మనిషి కదా, ఆయనకీ ఓ గిన్నె, ఓ గ్లాసు పెట్టాను. అత్త చెయ్యి గ్లాసు మీద, ఆయన కళ్ళు అత్త చేతి మీద.

"సూప్ చల్లారిపోతోంది నాయనా."

"నిబంధన మామ్మగారూ, నేనేం చెయ్యను?"

అంటూనే, అత్త చేతి మీంచి చూపు తిప్పకుండానే, ఆయన తన గ్లాసెత్తి తన గిన్నెలో ఒంపేసుకున్నాడు. చెంచాతో ఓ తిప్పు తిప్పాడు కూడా. బల్ల చుట్టూ చెంచాలన్నీ ఆగిపోయాయి.

"ఇది ఏ కిటికీ నాయనా?" అంది అత్త. "అయినా మీ అమ్మ నేర్పిన అలవాటు ఎక్కడికి పోతుందిలే!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ కర్తవ్యం కర్తవ్యమే. నేరం జరిగిందని అక్కడికక్కడే ప్రకటించి, సాక్ష్యం ఎవరూ తారుమారు చెయ్యకుండా గిన్నెడూ తనే తాగేశాడు. (రూఢి చేసుకోవడానికి ఇంకో గిన్నె అడిగాడు.) నేరం జరగని గిన్నె ఎలా ఉంటుందో కమిటీకి చూపించాలని అత్త గిన్నె పట్టుకుపోయాడు.

సోమవారం సవరణ వెలువడింది. గిన్నెలో బరోలో ఒంపుకునే అధికారం తనిఖీ అధికారులకి మాత్రమే.

అత్త మంచి శాలువా కప్పుకుని వెళ్ళి తనిఖీ అధికారి ఉద్యోగం ఇమ్మని అడిగింది. వయసు మీరిపోయిందని పంపేశారు. ఎంత పాతబడితే అంత విలువ అన్న నియమం సీసాలకి మాత్రమేనట.