రంగూన్‌లో దిగడానికి మంచి ఇల్లు

ఆ శనివారం పొద్దున శశికళ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లకి అన్నం పెట్టి, స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి, అత్తగారితో కలిసి రోడ్డవతల అపార్ట్‌మెంట్లకి వెళ్ళాలి. అక్కడుండే థాన్ అనే మనిషి ఎలాంటివాడో ఇరుగుపొరుగుల్ని అడిగి, భర్త రామమోహన్ నిద్ర లేచేలోగా పార్సిప్పనీ ఊళ్ళోని తమ వాటాకి తిరిగొచ్చెయ్యాలి.

సంగతేమిటంటే, అత్తగారు అన్నపూర్ణమ్మను ఇండియాలో దింపడానికి వెళ్తూ దారిలో రంగూన్‌లో ఆగాలనుకున్నారు. ఆవిడ పుట్టి పెరిగింది అక్కడే. తోడబుట్టిన అక్క ఇంకా అక్కడే ఉంది. ఆ అక్క ఇంట్లో దిగితే, పరాయి దేశం నుంచి ఎవరొచ్చారంటూ వార్డు ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి సతాయిస్తారు. పోనీ ప్రభుత్వ హోటల్లో దిగుదామంటే అన్నపూర్ణమ్మ ససేమిరా అంది.

"మా బావ కొట్టు లాక్కున్న మిలిటరీ ప్రభుత్వానికి నా చేత్తో గది అద్దె కట్టనా? రైల్వే ప్లాట్‌ఫారమ్ మీద పడుకుంటాను గాని."

అప్పుడు రామమోహన్ తన ఆఫీసులో పనిచేసే బర్మావాడు థాన్ మాట ఎత్తాడు. అతని చెల్లెలు రంగూన్‌లో సొంత ఇంట్లో గదులు అద్దెకిస్తుందట. సోమవారం ఆఫీసులో అడిగి ఖాయం చేసేస్తానన్నాడు. ఆ మాటతో శశికళకి నిద్ర పట్టలేదు. ఆ చెల్లెలి మొగుడో మరిదో మిలిటరీవాడైతే? చంటిపిల్లని చంకనేసుకుని వెళ్ళి వాళ్ళింట్లోనే దిగడమా? ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది గాని, భయపడే విషయంలో ఇంజనీరు మొగుడు ఆమె ముందు ఎందుకూ పనికిరాడు.

థాన్‌నే అడిగితే పోలేదా అంటే అత్తగారు ఒప్పుకోలేదు. "సంబంధం చూసేటప్పుడు పెళ్ళికొడుకునే పట్టుకుని 'నువ్వు తాగుతావా నాయనా' అని అడుగుతామా శశీ? చుట్టుపక్కల అడుగుతాం. అడిగినట్టు వాళ్ళకి తెలియకూడదు. అదీ పద్ధతి."

అలా పద్ధతి ప్రకారమే మొదలుపెట్టారు. బట్టలుతికే గదిలో దుప్పట్లు మడతపెడుతున్న ఒక తెల్లావిణ్ణి శశికళ తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది. థాన్ మంచివాడేనా, తాగుతాడా, ఇంటికి ఎవరెవరు వస్తారు, అన్నదమ్ములేం చేస్తారు. ఆఖర్న గొంతు తగ్గించి అసలుది అడిగింది, వాళ్ళింట్లో ఆర్మీవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఆవిడ సగం దుప్పట్లు అలాగే వదిలేసి పైకి వెళ్ళిపోయింది. పోస్ట్‌మాన్‌ని ఏ దేశం నుంచి ఉత్తరాలొస్తాయని అడిగితే అతను సంచీ దగ్గరికి లాక్కున్నాడు. ఈలోగా అన్నపూర్ణమ్మ థాన్ కిటికీ తెర సందులోంచి లోపలికి తొంగిచూసి, బుద్ధుడి పటం ఉంది, ఫరవాలేదంది.

ఇంత అడిగినా అతని గురించి ఒక్కరూ చెడు చెప్పలేదు. అన్నపూర్ణమ్మకి అదే నచ్చలేదు. ఎంత మంచివాడి గురించైనా ఒక్కరైనా మూతి విరవాలి కదా. అందుకని ఆదివారం మళ్ళీ వెళ్ళారు. ఈసారి థాన్ వాటా తలుపు మూసి ఉంది, కారు లేదు.

సోమవారం సాయంత్రం రామమోహన్ ఇంటికి ఒక పొట్టి మనిషిని తీసుకొచ్చాడు. ఆ మనిషి చేతిలో సూట్‌కేసు ఉంది.

"శశీ, ఈయనే థాన్ గారు. కొన్నాళ్ళు మనింట్లో ఉంటారు. పాపం, వాళ్ళ గవర్నమెంటు ఇక్కడికి కూడా గూఢచారుల్ని పంపిందట. ఈయన గురించి ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తున్నారట. ఒక ముసలావిడా, ఒక పడుచుపిల్లా. అనుమానం రాకుండా చంటిపిల్లని కూడా వెంటేసుకొచ్చారట, చూడు ఎంత తెలివో."

థాన్ గుమ్మం పక్కనున్న స్ట్రోలర్‌ని చూశాడు. పిల్లని చూశాడు. ముసలావిణ్ణి చూశాడు. పాపం అన్నపూర్ణమ్మ మర్యాదకి "కూర్చో నాయనా" అంది. కాకపోతే ఆ ముక్క బర్మా భాషలో అంది. దాంతో అతను సూట్‌కేసు అక్కడే పడేసి పరుగందుకున్నాడు.

అతన్ని పార్కింగ్ లాట్‌లో పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. జరిగినదంతా విని రామమోహన్ తల పట్టుకున్నాడు. శశికళ కళ్ళనీళ్ళు పెట్టుకుని, పిల్లతో వెళ్ళేచోటు కదా, తన భయం తనదంది. థాన్ మాత్రం అన్నపూర్ణమ్మ బావగారి కొట్టు సంగతి విని మెత్తబడ్డాడు. వాళ్ళ నాన్న బియ్యం మిల్లూ అలాగే పోయిందట. పప్పన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ గూఢచారులు అక్కడికీ వెళ్తారేమోనని, ముసలావిడా, చంటిపిల్ల తల్లీ వస్తే గదులు లేవని చెప్పమని ఆ పొద్దునే చెల్లెలికి టెలిగ్రాం ఇచ్చాడట.

ఇంకో టెలిగ్రాం ఇస్తే సరిపోతుంది కదా అన్నాడు రామమోహన్.

"ఇస్తాను గాని, మా చెల్లెలు నమ్మదు," అన్నాడు థాన్. "ఎవరో నా పీక మీద కత్తి పెట్టి ఇప్పించారనుకుంటుంది. మీ అమ్మగారి అక్క ఇల్లెక్కడో కూడా రాస్తాను. అక్కడ మీ సంగతి కనుక్కుంటే గాని గది ఇవ్వదు."

రామమోహన్ ఆ మాట తెలుగులో చెప్పగానే అన్నపూర్ణమ్మ మొహం విప్పారింది. "కనుక్కోనీ. అంత జాగ్రత్తగలవాళ్ళది మంచి ఇల్లే. అక్కడే దిగుదాం." పెళ్ళయ్యాక మొదటిసారి శశికళకి కూడా భయపడటానికి ఏమీ మిగల్లేదు.

ఆ పైవారం థాన్ భోజనానికి వచ్చి ఉండగా అన్నపూర్ణమ్మ అక్క దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. ఎవరో ఆడమనిషి వీధంతా తిరిగి మా గురించి అడుగుతోంది, భయంగా ఉంది, తలుపులు వేసుకుని వేరే ఊరు పోతున్నాం, మీరిప్పుడు రావద్దు అని.

థాన్ ఆ కాగితం తీసుకుని నింపాదిగా చదివాడు.

"మా చెల్లెలు," అన్నాడు కాస్త గర్వంగా, "ఏ పనీ రేపటికి వాయిదా వెయ్యదు."