ఓవెన్‌లో అరవై తూటాలు

ఆర్విల్ టెస్డాల్ శనివారం పొద్దున్న రెండో కప్పు కాఫీ పూర్తయ్యేలోపు రోజంతటికీ పథకం వేసేసుకున్నాడు. ఎనిమిదింటికి అరవై ఇత్తడి గొట్టాలు కడగాలి. పదిన్నరకి అవి ఆరాలి. ఒంటిగంటకల్లా వాటిలో మందు పోసి, గుండ్లు బిగించి, రెండింటికి వదినగారి పొలంలో బోర్లా పడుకుని మొదటి నేలఉడతను గురి చూడాలి. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి ధాన్యం గోదాములో కాటా దగ్గర పనిచేసిన మనిషి. లారీడు గోధుమలు తూచినా, చిటికెడు తుపాకీ మందు తూచినా ఆయనకు ఒకటే శ్రద్ధ.

కొట్లో అమ్మే తూటాలు ఆయన ముట్టుకోడు. పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చి, కడిగి, అన్నింటినీ ఒకే పొడవుకు కోసి, అడుగున నిప్పురవ్వ పుట్టించే కొత్త ప్రైమర్ నొక్కి, మందు పలుకు ఎక్కువా తక్కువా కాకుండా తూచి పోసి, పైన గుండు బిగిస్తాడు. ప్రతి తూటా ముందుదానికి కవలలా ఉండాలి. అలా ఉంటేనే రెండు వందల గజాల దూరాన పిడికెడంత జంతువుకు తగులుతుంది. బావమరిది లైల్‌కి ఇదంతా వేళాకోళం. "బావా, నువ్వు ఒక్క తూటా చేసేలోపు నేను పెట్టెడు కొనుక్కొచ్చి, కాల్చేసి, ఇంటికెళ్లి కునుకు కూడా తీస్తా" అంటాడు.

ఈసారి మాత్రం తొందర పడక తప్పలేదు. ఆర్విల్ భార్య వెర్నాకు అక్క డోర్కస్. భర్త పోయాక ఒంటరిగా పశువులను సాకుతోంది. వీధి చివర మొదలయ్యే ఆమె గడ్డి పొలమంతా నేలఉడతలు బొరియలు చేసి జల్లెడ చేశాయి. నిరుడు ఒక బొరియలో కాలు పడి గుర్రం కాలు విరిగింది. ఇక లాభం లేదని, సోమవారం విషం పెట్టేవాణ్ని పిలిపిస్తున్నానని డోర్కస్ చెప్పింది. ఆరేళ్ల కిందట విషం తిన్న ఉడతనొకదాన్ని కొరికి ఆర్విల్ కుక్క చచ్చిపోయింది. డోర్కస్‌కీ ఒక ముసలి కుక్క ఉంది. అందుకే బతిమాలి ఆదివారం సాయంత్రం దాకా గడువు తీసుకున్నాడు.

వెర్నా ఎనిమిదిన్నరకే చర్చిలో మహిళల విందు ఏర్పాట్లకు వెళ్లిపోయింది. వెళ్తూ, ఫ్రిజ్‌లో బంగాళాదుంపలు, హ్యామ్, జున్ను పేర్చిన పెద్ద పళ్లెం ఉందనీ, పదికల్లా ఓవెన్‌లో పెట్టమనీ, ఓవెన్ దానంతటదే వేడెక్కేట్టు గడియారం తిప్పి పెట్టాననీ చెప్పింది. ఆర్విల్ సరేనన్నాడు. ఆయన సరేనన్నవన్నీ విన్నట్టు కాదని ఆమెకు తెలుసు కాబట్టి చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకు కూడా అంటించింది.

కడిగిన గొట్టాలను మామూలుగా అయితే వరండాలో ఎండబెడతాడు. ఆ రోజు మబ్బు పట్టింది. ఆర్విల్ చేతికందిన జల్లిబుట్టలో అరవై గొట్టాలూ పోసి, ఓవెన్‌లో పెట్టి, సెగ అన్నిటికంటే తక్కువకు తిప్పాడు. ఆ బుట్ట ప్లాస్టిక్‌దన్న సంగతి ఆయన గమనించలేదు. ఇంతలో డోర్కస్ ఫోన్ చేసి, వస్తున్నావా లేదా అని అడిగింది.

"అరవై తూటాలు ఓవెన్‌లో ఉన్నాయి వదినా. ఆరగానే వచ్చేస్తా" అన్నాడు. ఖాళీదైనా నిండుదైనా ఆయన నోటికి అది తూటాయే.

ఫోన్ పెట్టేసి నేలమాళిగలోకి దిగాడు. పాతవి అయిదు గొట్టాలు పొడిగానే ఉన్నాయి. ముందు వాటితో మొదలుపెడదామనుకున్నాడు. పైన ఫ్రిజ్ గురగురలు లెక్కకు అడ్డమొస్తాయని చెవి మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, కాటా ముందు కూర్చున్నాడు. ఇక ఆయనకు లోకంతో పని లేదు.

తర్వాత జరిగిందంతా ఆయనకు పదిమంది పది రకాలుగా చెప్పారు. పది కొట్టగానే ఓవెన్ తనకు అప్పగించిన పని ప్రకారం మూడొందల యాభై డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కింది. చర్చికి రొట్టెలు పట్టుకెళ్తున్న డోర్కస్, ఆర్విల్ వంటింటి కిటికీ సందుల్లోంచి నల్లటి పొగ రావడం చూసి తమ్ముడు లైల్‌కు ఫోన్ చేసింది. ఊరి అగ్నిమాపక దళానికి లైలే నాయకుడు. పధ్నాలుగేళ్లలో అతను ఆర్పినవి రెండు గడ్డివాములు, ఒక చెత్తడ్రమ్ము. అరవై తూటాలున్న ఇల్లు తగలబడుతోందంటే అతనిలో ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. పక్క ఊళ్లకు రెండింటికీ కబురు పెట్టాడు. ఒక ఊరికి అరవై కాస్తా ఆరు వందలుగా చేరింది. రెండో ఊరికి ఆయుధాగారం అంటుకుందని చేరింది.

పావుగంటలో వీధి మొత్తం ఖాళీ చేయించారు. చర్చిలోని ఆడవాళ్లు వేడి వేడి పళ్లాలు పట్టుకుని డోర్కస్ పొలం గట్టుకు నడిచారు. మూడు నీళ్ల బండ్లు రెండు వందల గజాల దూరంలో ఆగాయి. లైల్ బండి వెనక నక్కి మైకు పట్టుకున్నాడు.

"బావా, వినపడితే బయటికి రా. వినపడకపోతే..." అని అక్కడ ఆగిపోయాడు. వినపడనివాడికి ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

వెర్నా ఆప్రాన్‌తోనే వచ్చింది. అవి ఖాళీ గొట్టాలని, మందు పోసినదాన్ని ఆయన వంటింటి గడప దాటించడని తమ్ముడికి చెప్పింది. లైల్ నియమాలు వల్లించాడు. ఆమె పూర్తిగా వినకుండానే ఇంట్లోకి నడిచి, ఓవెన్ కట్టేసి, కిటికీలు తెరిచి, మెట్లు దిగింది.

ఆర్విల్ వీపు తిప్పి కూర్చుని అయిదో తూటాకు చివరి చిటికెడు మందు తూస్తున్నాడు. వెనక ఎవరో వచ్చారని నేల అదురును బట్టి గ్రహించి, ఆగమన్నట్టు వేలెత్తాడు. మందు పోసి, గుండు బిగించాక చెవి మిషన్లు పెట్టుకున్నాడు.

"ఊరు ఖాళీ అయింది" అంది వెర్నా.

"ఎందుకు?"

"ఓవెన్‌లో నీ తూటాలకి."

"అవి ఖాళీవేగా."

"నా పళ్లెం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, ఆర్విల్."

పైకి వెళ్లి చూస్తే, కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్‌లో అరవై గొట్టాలూ పాకంలో వేరుశెనగ గుళ్లలా ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కటీ పనికిరాదు. చేసిన అయిదింటినీ చొక్కా జేబులో వేసుకుని, తల వంచుకుని ఆయన పొలం గట్టుకు నడిచాడు. ఊరు ఊరంతా అక్కడ నిలబడి విందు తింటోంది. కనపడినవాళ్లందరికీ క్షమాపణ చెప్పాడు. చివరికి డోర్కస్ దగ్గరికి వెళ్లి, అయిదే ఉన్నాయి వదినా అన్నాడు. ఆమె తన బండి సీటు మీద పడుకున్న ముసలి కుక్కను చూస్తూ నిలబడింది. ఆ చూపు ఆయనకు తిట్టుకంటే బరువుగా తోచింది.

అవతల లైల్ ముఖం మాడిపోయి ఉంది. మూడు ఊళ్ల దళాలను పిలిచింది ఒక జల్లిబుట్ట కోసమని తేలింది. అతని అవస్థ చూసి డోర్కసే అంది: "తెచ్చిన నీళ్లు మళ్లీ మోసుకుపోతారేంట్రా? నా గడ్డి ఎండిపోతోంది."

లైల్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఇది మూడు ఊళ్ల ఉమ్మడి విన్యాసమని అక్కడికక్కడే ప్రకటించాడు. మూడు బండ్ల నీటి గొట్టాలూ ఒక్కసారి విప్పారు. నీళ్లు గడ్డిని తడిపి బొరియల్లోకి దిగాయి. కాసేపటికి ఒక నేలఉడత తడిసి ముద్దై బయటికొచ్చి చుట్టూ చూసింది. తర్వాత ఇరవై వచ్చాయి, తర్వాత లెక్క తప్పింది. అవన్నీ కంచె కిందుగా దూరి పడమటికి పరుగు తీశాయి. పడమటి పొలం లైల్‌ది. ఈ సంగతి ముందుగా గమనించింది ఆర్విలే. వెళ్లి బావమరిది భుజం తట్టాడు.

"తర్వాత, బావా. పనిలో ఉన్నా" అని లైల్ నీళ్లు ఇంకా గట్టిగా కొట్టమని కేకవేశాడు.

ఆర్విల్ మరోసారి తట్టలేదు.

ఆదివారం ఆయన అయిదు తూటాలతో వెళ్తే డోర్కస్ పొలంలో మిగిలినవి మూడే కనిపించాయి. మూడు తూటాలు సరిపోయాయి. డోర్కస్ విషంవాడికి ఫోన్ చేసి రావద్దంది. సోమవారం పొద్దున్న ఏడింటికి లైల్ ఫోన్ వచ్చింది. కొన్న తూటాలు రెండు పెట్టెలు కాల్చాడట, నాలుగు ఉడతలు పడ్డాయట.

"బావా, నీ తూటాలు ఒక వంద కావాలి."

విషం మాట ఎత్తనంటే చేసిపెడతానన్నాడు ఆర్విల్. లైల్ ఎత్తనన్నాడు. అప్పుడు వెర్నా ఫోన్ అందుకుని, గొట్టాలు కడగడం, ఆరబెట్టడం, తూచడం అంతా లైల్ ఇంట్లోనే జరగాలని చెప్పింది. దానికీ లైల్ సరేనన్నాడు. ఆర్విల్ మధ్యాహ్నానికల్లా కాటా, మందు, సరంజామా బండికెక్కించుకుని వెళ్లాడు. వంద తూటాలకు గురువారం దాకా పట్టింది.

తొందరేం లేదని వెర్నా రోజూ ఫోన్ చేసి చెప్పింది.