పళ్ల డాక్టరు కొత్త బ్రేకులు

ఆ ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఎర్ర కారుకి ముందురోజు బిగించిన కొత్త బ్రేకుల్ని ఒకసారి తొక్కి చూసుకోవాలి, స్నానం చేసి మామగారి కోసం ఎదురుచూడాలి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. ఇక్కడ దైవం దాకా పోనక్కర్లేదు, చెయ్యాల్సినవన్నీ డాక్టరే స్వయంగా చేసి పెట్టుకున్నాడు.

కారు రెండే సీట్లది. నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. ఎక్కాలంటే కూలబడాలి, దిగాలంటే పాకాలి. వేగంలో దానికి వంక పెట్టేవాడు లేడు గానీ, అంత వేగాన్ని ఆపే బ్రేకులు కూడా అంత గొప్పవై ఉండాలని డాక్టరు పట్టుబట్టి పెద్ద కాలిపర్లు తెప్పించాడు. కాలిపరంటే మరేం కాదు, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు పక్కల నుంచీ పటకారులా బిగించి పట్టే ముద్ద. పెట్టె విప్పిన రోజు అతను ఒకదాన్ని చాలాసేపు ఒళ్లోంచి దించలేదు. పసుపు రంగు, ఒంపు తిరిగిన వీపు, వీపు మీద నల్లటి అక్షరాలతో చేసినవాళ్ల పేరు. జీవితమంతా పటకార్లు పట్టిన మనిషి కదా, మంచి పట్టు కనిపిస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. భార్యని పిలిచి చూపించాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, ఇది బయటికి కనిపిస్తుందా, లోపలే ఉంటుందా అని అడిగింది. చక్రం చువ్వల సందుల్లోంచి బ్రహ్మాండంగా కనిపిస్తుందన్నాడు.

బిగించాక చూస్తే అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. వంకర పళ్లు సరిచేయడమే వృత్తిగా బతికేవాడు తలకిందుల అక్షరాలు చూసి నిద్రపోగలడా? అన్నీ విప్పి, ఎడమవి కుడికీ కుడివి ఎడమకీ మార్చి బిగించాడు. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. అప్పుడు గానీ అతనికి అన్నం సయించలేదు.

ఇక మామగారి సంగతి. ఆయన డ్రైవింగు లైసెన్సుల ఆఫీసులో పరీక్ష అధికారిగా చేసి రిటైరయ్యారు. ఆయన నోటి నుంచి ఊరు మొత్తం ఎక్కువగా విన్న మాట ఒకటే, "ఫెయిల్. మళ్లీ రండి." అల్లుడు పెళ్లికి ముందు ఆయన దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ ఆ మాటే విన్నాడు. కంగారు పుడితే అతనికి చెయ్యేదో కాలేదో తెలియదు. ఒకసారి ఆపమంటే వైపర్లు ఆన్ చేశాడు. ఆ రాకపోకల్లోనే అమ్మాయి పరిచయమైంది. ఆయన పిల్లనిచ్చారు గానీ లైసెన్సివ్వలేదు. ఆయన సెలవులో ఉన్న రోజు చూసి వేరే అధికారి దగ్గర లైసెన్సు తెచ్చుకున్నాడు అల్లుడు. దాన్ని మామగారు ఇప్పటికీ లైసెన్సుగా లెక్కవెయ్యరు, అల్లుడు నడిపే కారు ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు. పళ్ల సెట్టు మాత్రం మొన్ననే అతని చేతే కట్టించుకున్నారు. నోరు వేరు, రోడ్డు వేరు అన్నది ఆయన సిద్ధాంతం.

ఈ మధ్య ఆయనకి చూపు తగ్గి, సొంత కారు వదిలేసి బస్సుల్లో తిరుగుతున్నారు. పోయిన నెల బస్సు మెట్టు మీద జారి మోకాలు చీరుకుపోయింది. కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఆయన ఒక్క మెట్టు దిగివచ్చారు. ఆదివారం పరీక్ష పెడతాను, పాసైతే ఇకనుంచి ఎక్కడికైనా అతని కారులోనే వస్తాను, ఫెయిలైతే నాకు బస్సుంది అన్నారు. భార్య రాత్రి మొగుడితో ఒకే మాట అంది.

"ఏమండీ, నాన్న ఇంకోసారి బస్సు దిగుతూ పడితే నేను తట్టుకోలేను. ఎలాగైనా పాసవ్వండి."

అందుకే డాక్టరు పొద్దున్నే సీట్లో కూలబడి బ్రేకు తొక్కాడు. రాయిలా ఉండాల్సిన పెడలు దిండులోకి కాలు దిగినట్టు దిగి, నేల దాకా పోయి, అక్కడే విశ్రాంతి తీసుకుంది.

బావమరిదిని పిలిచాడు. అతన్ని ఇంట్లో అందరూ వీడియో అంటారు. ప్రపంచంలో ఏది ఎలా బాగుచెయ్యాలో వీడియోల్లో చూసేశాడు, పానా పట్టిన పాపాన మాత్రం పోలేదు. వీడియో వచ్చి, కొత్త బ్రేకులన్నీ మొదట్లో మెత్తగానే ఉంటాయనీ నాలుగు రోజులు పోతే గట్టిపడతాయనీ చెప్పాడు. నాలుగు రోజులు లేవు, నాలుగు గంటలున్నాయన్నాడు డాక్టరు. అయితే గొట్టాల్లో గాలి చేరింది బావా, గాలి తియ్యాలి అన్నాడు వీడియో. ఇది నిజమే. బ్రేకు నూనెలో గాలి బుడగలుంటే తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది.

గాలి తియ్యడానికి ముగ్గురు కావాలన్నాడు వీడియో, ఒకరు తొక్కడానికి, ఒకరు కాలిపరు మీదున్న చిన్న మర విప్పడానికి, ఒకరు చెప్పడానికి. చెప్పేది తనే. భార్య వంటింట్లోంచి వచ్చి సీట్లో కూర్చుని తొక్కింది, డాక్టరు కింద పడుకుని మర విప్పాడు. నూనె కారింది. మళ్లీ తొక్కింది, మళ్లీ కారింది. సీసాడు నూనె అయిపోయింది గానీ పెడలు నేలని వదల్లేదు. డాక్టరు తనే సీట్లోకి వచ్చి, కోపం కొద్దీ రెండు కాళ్లూ పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు. అలా తొక్కీ తొక్కీ కాలికి అదే అలవాటైపోయింది.

వీడియో కాసేపు ఫోను చూసి, బ్రేకులు పెద్దవయ్యాయి కాబట్టి నూనె తోసే పంపు కూడా పెద్దది పెట్టాలని తేల్చాడు. డాక్టరుకి ఏడుపొచ్చింది. వెలుతురులో ఒకసారి చూద్దామని ఇద్దరూ కారుని షెడ్డులోంచి బయటికి తోశారు. వాకిలి ఏటవాలు, కిందికి వీధి. హ్యాండ్‌బ్రేకు తీగ కొత్త కాలిపర్లకి ఇంకా తగిలించలేదు కాబట్టి ముందు చక్రాలకి రెండిటుకలు అడ్డం పెట్టారు. వీడియో నూనె తేవడానికి వెళ్లాడు. డాక్టరు చేతుల జిడ్డు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే మామగారు ఫోన్ చేశారు. కూతురు కిటికీలోంచి తొంగి చూసింది. నాలుగు చక్రాలూ ఉన్నాయి, కారు బయట నిలబడి ఉంది. అంతా రెడీ నాన్నా అంది. ఆయన అప్పటికే వీధి చివర బస్సు దిగి ఉన్నారు. గంట ముందు రాకపోతే ఆయన దృష్టిలో ఆలస్యమైనట్టే.

వచ్చి కారు చుట్టూ తిరిగారు. బండి తీసేముందు చుట్టూ చూసుకోవాలని, చక్రాల దగ్గర అడ్డాలుంటే తొలగించాలని ఆయన వేలమందికి నేర్పారు. రెండిటుకల్నీ తీసి గోడ పక్కన అందంగా పేర్చి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆయన బరువుకి కారు ఒకసారి మూలిగి ఊరుకుంది.

డాక్టరు తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ దృశ్యం చూశాడు. నిలబడి చెప్పడం మర్యాద కాదు, పక్కన కూర్చుని నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. కూర్చుని, అలవాటు చొప్పున స్టీరింగు తాళం తిప్పి, తలుపు లాగాడు. ఆ తలుపు ఊపు చాలింది. కారు కదిలింది.

తొక్కాడు. పెడలు నేలకి పోయింది. మళ్లీ తొక్కాడు. కారు వాకిలి దాటి వీధిలోకి, ఎవరి మీదా ఏ కోపమూ లేనట్టు, నిదానంగా దిగింది. మామగారు కళ్లు పెద్దవి చేశారు.

"అల్లుడుగారూ, ఇంజను చప్పుడే లేదే!"

డాక్టరు ఇంకోసారి తొక్కాడు. ఇన్నేళ్లలో మామగారి ముఖంలో తన మీద అంత గౌరవం అతనెప్పుడూ చూడలేదు. వీధిలో వాకిళ్లు ఊడుస్తున్నవాళ్లు చీపుర్లు ఆపి నిలబడ్డారు. పేపరు చదువుతున్న పెద్దాయన పేపరు దించాడు. ఎర్రటి కారు, అందులో కదలకుండా కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు, గాలి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఒకావిడ అప్రయత్నంగా పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఇంత మెత్తగా నడిచిన బండిలో నా సర్వీసులో కూర్చోలేదు, కుదుపనేదే లేదు అని మామగారు మెచ్చుకుంటూనే ఉన్నారు. కారు కాస్త కాస్తగా వేగం అందుకుంటోంది. వీధి చివర పెద్ద రోడ్డు, దాని మీద బస్సులు.

పెద్ద రోడ్డుకి ముందు ఎడమ పక్క ఎవరో ఇల్లు కడుతూ ఇసక గుట్ట పోసుకున్నారు. డాక్టరు కళ్లు మూసుకుని స్టీరింగు అటు తిప్పాడు. కారు గుట్టలోకి మెత్తగా ముక్కు దూర్చి, ఒక పక్కకి ఒరిగి ఆగింది.

మామగారు కాసేపు ఎదురుగా ఉన్న ఇసకని చూశారు.

"ఇక్కడ ఆపమని నేను చెప్పలేదే."

"బ్రేకులు లేవండి, మామయ్యగారూ."

"ఇంజను?"

"ఇంజను అసలు ఆన్ చెయ్యలేదండి."

"మరి ఇంతసేపూ ఏం నడిపారు?"

"స్టీరింగు ఒక్కటేనండి."

గేరు వేస్తే ఆగేది కదా అని ఆయన చాలా శాంతంగా అడిగారు. గుర్తుకు రాలేదండి అన్నాడు డాక్టరు. అన్నాక ముఖం చూపించలేక తలుపు తీసి దిగబోయాడు. ఒరిగిన కారు, జారే ఇసక. కాలు పైకీ తల కిందికీ పోయి, ముందు చక్రం పక్కన వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు లేవలేదు. మామగారికి భయమేసి, దెబ్బ తగిలిందా అల్లుడుగారూ అని ఒకటికి రెండుసార్లు అడిగారు.

దెబ్బ కాదు. తలకిందులుగా పడ్డవాడి కళ్లకి కాలిపరు తలకిందులుగా కనిపించింది. అక్షరాలు తలకిందులు, గాలి తీసే మర మాత్రం పైన. గాలి తీసే మర పైన! అదెప్పుడూ పైనే ఉండాలి మరి. నూనెలో గాలి పైకి పోతుంది గానీ కిందికి దిగదు. అక్షరాలు నిటారుగా నిలబెట్టాలన్న సరదాలో కుడి ఎడమలు మార్చేసి, మరని అడుక్కి తెచ్చిపెట్టాడు. బోర్లించిన సీసా మూత తీస్తే నీళ్లు కారతాయి, గాలి పైనే కూర్చుంటుంది. సీసాడు నూనె కార్చాడు గానీ ఒక్క బుడగని కదిలించలేదు. ఇసకలో పడుకునే డాక్టరు నవ్వడం మొదలుపెట్టాడు. మామగారు అది తలకి తగిలిన దెబ్బే అనుకున్నారు.

ఇంతసేపూ నోరు తెరుచుకుని చూసిన వీధివాళ్లంతా కలిసి కారుని ఇంటికి తోశారు. మామగారు వెళ్లిపోతారనుకున్నారంతా. ఆయన స్టూలు వేయించుకుని వాకిట్లోనే కూర్చున్నారు. పరీక్ష మధ్యలో లేచిపోవడం ఆయన చరిత్రలో లేదు. డాక్టరు నాలుగు కాలిపర్లూ విప్పి, ఎక్కడివక్కడ మార్చి, కళ్లు అటు తిప్పుకుని అక్షరాలని తలకిందులుగా బిగించాడు. ఈసారి మర విప్పగానే బుడగలు బుస్సుమని వచ్చాయి. భార్య తొక్కి, కాలు ఆగిపోగానే కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏమండీ, గోడని తొక్కినట్టుంది."

హ్యాండ్‌బ్రేకు తీగ తగిలించాడు, ఖాళీ వీధిలో ఒక్కడే మెల్లగా రెండుసార్లు వెళ్లి ఆపి చూసుకున్నాడు. సాయంత్రం మామగారు మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఇంజను చప్పుడు విని తల ఊపారు. గేర్లు సాఫీగా పడ్డాయి, మలుపులు తిన్నగా తిరిగాయి, డాక్టరు చెయ్యి వైపర్ల జోలికి పోలేదు. పెద్ద రోడ్డు మీద ఎవరూ లేని చోట మామగారు నోరు తెరిచి, పాత రోజుల్లోలా గట్టిగా అన్నారు.

"ఆపండి!"

పొద్దుటి నుంచీ రెండు కాళ్లతో తొక్కిన అలవాటు. డాక్టరు మొత్తం బలంతో తొక్కాడు. రోడ్డుకి మేకు కొట్టినట్టు కారు నిలిచిపోయింది. ముందున్న చోటు ముందే ఉంది, వెనకున్న చోటు వెనకే ఉంది, మధ్యలో ఇద్దరూ బెల్టులకి వేలాడుతున్నారు. అంత ఆగడం వాళ్లిద్దరూ ఎన్నడూ ఎరగరు. మామగారి నోట్లోంచి ఏదో తెల్లగా ఎగిరి, ముందు అద్దానికి ఠంగున తగిలి, డాష్‌బోర్డు మీద పడి నవ్వింది.

మామగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన చెయ్యి చాచి, గుళ్లో గంట ముట్టుకున్నట్టు ఆ డాష్‌బోర్డుని ఒకసారి ముట్టుకున్నారు. తర్వాత పై పళ్ల సెట్టు తీసి, జేబురుమాలుతో తుడిచి, నోట్లో పెట్టుకుని సర్దుకున్నారు.

"బ్రేకులు పాస్," అన్నారాయన. కొంచెం ఆగి, "మీరూ పాస్. రేపట్నుంచి నాకు బస్సు అక్కర్లేదని అమ్మాయికి చెప్పండి" అన్నారు.

డాక్టరుకి కళ్లనీళ్లు ఆగలేదు. ఆ మాట కోసం ఇన్నేళ్లు పట్టింది. కారుని ఇంటివైపు తిప్పుతుంటే మామగారు పై పళ్లని బొటనవేలితో ఇంకోసారి నొక్కి చూసుకున్నారు.

"ఈ పళ్లు మాత్రం ఫెయిల్. మళ్లీ రండి."