పెడల్‌కి చాలని కాలు

పొట్నూరు సింహాద్రి నడిపే ఆసుపత్రి జీపులో బ్రేకు పెడల్‌ని పన్నెండు అడుగుల లోతుకి తొక్కితే గాని బండి ఆగడం లేదు, సింహాద్రి కుడికాలు పదకొండు అడుగులే ఉంది, అందుకని ఆఫీసువాళ్లు అతనికి మెమో ఇచ్చారు.

కొలతల్లో పొరపాటేమీ లేదు. ఏడాదిన్నర కిందట పెడల్ జానెడు ఎక్కువ దిగేది. తర్వాత మూరెడు, ఆ తర్వాత జీపు అడుగున ఉన్న రేకుని కూడా దాటిపోయింది. జీపు కింద దూరి చూసినవాళ్లకి రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు. ఆ లోతు పెడల్‌ది, జీపుది కాదు. కొండ మీది ఊళ్ల నుంచి నొప్పులొచ్చిన ఆడవాళ్లని దించే బండి కాబట్టి ఆపకుండా కుదరదు. అందుకని సింహాద్రి కాలు కూడా పెడల్ వెనకాలే సాగుతూ వచ్చింది. బండి దిగాక దాన్ని మడతలు వేసి, భుజాన వేసుకుని ఇంటికి నడిచేవాడు. యూనిఫాం గుడ్డ మాత్రం రెండు కాళ్లూ సమానమన్న లెక్కనే ఇచ్చేవారు. చాలని చోట అతని భార్య పాత చీరలు అతికేది.

ఇన్నాళ్లూ నోరు మెదపని సింహాద్రికి ఇప్పుడు ఒళ్లు మండింది. కూతురు పైడితల్లికి నెలలు నిండాయి. కొండ మీద అంగన్‌వాడీలో పని, సెలవు ఇంకా మంజూరు కాలేదు. నొప్పులొస్తే ఈ జీపులోనే, పనసచెట్టు మలుపు మీదుగానే దిగాలి. ఆ మలుపులో బ్రేకు ఒక్క అడుగు అందకపోతే చాలు, కిందంతా లోయ.

జీపుని జలీలు షెడ్డుకి తోలుకెళ్లాడు. ముప్పయ్యేళ్లుగా బ్రేకుల పనే చేస్తున్న జలీలు ముందు నూనె డబ్బా చూశాడు, నిండుగానే ఉంది. నాలుగు చక్రాల దగ్గరా తడి లేదు. పెడల్ మీద కాలు కదపకుండా ఉంచమన్నాడు. ఉంచిన కాలు ఉంచినట్టే మెల్లగా కిందికి జారిపోయింది.

"లోపల రబ్బరు అరిగిపోనాది బావూ. నూనె దాన్ని దాటుకుని జారిపోతంది, ఇక కాలికి పట్టేటి దొరుకుతాది? రబ్బరు మార్చి, గొట్టాల్లో గాలి తీసేస్తే అరగంట పని."

ఆఫీసు చీటీ లేకుండా సర్కారు బండి విప్పకూడదు. అందుకని జలీలు కొత్త రబ్బరు, వేలెడంతది, సింహాద్రి జేబులో పెట్టి పంపాడు.

సూపరింటెండెంట్ త్రినాథరావు గారు చెడ్డమనిషేం కాదు. కాలు చాపుకోవడానికి రెండు బెంచీలు వేయించారు. తర్వాత బండి తనిఖీ ఫారం తీసి చూపించారు.

"పెడల్ తొక్కితే దిగుతోందా అని ఉంది. దిగుతోందని నువ్వే సంతకం పెట్టావు. ఎంత దిగాలో అడగలేదు. ఇక లోపం ఎక్కడుంది సింహాద్రీ?"

"రబ్బర్లో ఉందండి."

"రబ్బరుకి ఇందులో గడి లేదు. డ్రైవరు కాలికి ఉంది."

పైగా జీపు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు మార్చి దాకా చెల్లుతుంది, సింహాద్రి ఫిట్‌నెస్‌కి పోయిన నెలే గడువు తీరిపోయింది. చెల్లే బండిని చెల్లని మనిషి తప్పుపట్టడం ఏం పద్ధతన్నారాయన. బాగున్న బండిలో కొత్త సామాను వేస్తే అది పాడుచెయ్యడం కిందికే వస్తుందని బానెట్‌కి లక్కముద్ర వేయించారు.

"నా కూతురు ఆ బండిలోనే దిగాలండి. అరగంట పనికి దాని పేనం తీసేత్తారా?"

ఆయన ఆ మాటని శ్రద్ధగా ఫైల్లో రాసుకున్నారు, కుటుంబ కారణాలు అని. నిలువునా దహించుకుపోయే మనిషి ముందు ఇంత తీరుబడిగా కలం మూత పెట్టుకునే చెయ్యి ఆఫీసుల్లోనే పుడుతుంది కాబోలు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది: మలుపుల దగ్గర ప్రయాణికులు డ్రైవరు భుజాల మీద చేతులు వేసి కిందికి అదమవలెను.

గురువారం మధ్యాహ్నం పైడితల్లికి నొప్పులొచ్చాయి. జీపులో ఆమె, అల్లుడు, నర్సమ్మ. పనసచెట్టు మలుపు దగ్గర సింహాద్రి తొక్కాడు. కాలు పదకొండు అడుగులూ దిగింది, బండి ఆగలేదు. అల్లుడు కుడి భుజం అదిమాడు, నర్సమ్మ ఎడమ భుజం అదిమింది. చాలలేదు. పైడితల్లి వెనక సీట్లోంచి లేచి, తండ్రి నెత్తి మీద రెండు చేతులూ పెట్టి, తన నొప్పికి తనే అరుస్తూ ఒక్క నొక్కు నొక్కింది. సింహాద్రి తుంటిలో ఏదో ఫట్‌మంది. బ్రేకు పట్టింది. ముందు చక్రాలు రోడ్డు అంచున ఆగాయి.

పిల్లాడు క్షేమంగా పుట్టాడు. సింహాద్రి కాలు కొలిచారు. పన్నెండు అడుగుల రెండు అంగుళాలు. మెమో వెనక్కి తీసుకుని, సమస్య పరిష్కారమైనదని ఫైలు మూసి, అతనికి శాలువా కప్పారు. ఆ వారంలోనే పెడల్ పదమూడో అడుగుకి దిగింది. ఇకముందు డ్రైవరు ఉద్యోగాలకి కుడికాలు పదిహేను అడుగులకి తగ్గకూడదని నోటిఫికేషన్ పడింది. పట్నంలో అప్పుడే రెండు కోచింగ్ సెంటర్లు తెరిచారు. సింహాద్రి ఆ నోటిఫికేషన్ని చించి పోగులు పెట్టాడు. మనుషుల్ని లాగి పీకి బండికి సరిపెడతారా అని వీధంతా వినపడేలా తిట్టాడు.

పిల్లాడు పుట్టిన పదకొండో రోజు పొద్దున్న, పసివాడికి నీళ్లు పొయ్యడానికి అచ్చియ్యమ్మ వచ్చింది. కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నువ్వుల నూనె రాసి, ఎప్పుడూ చేసేటట్టే చేతులూ కాళ్లూ ఒక్కొక్కటే సాగదీసింది. కుడికాలు దగ్గర కాసేపు ఎక్కువ ఆగింది. "మంచి కాలమ్మా, సాగే కాలు," అంది. పైడితల్లి మొహం విప్పారింది.

సింహాద్రి దగ్గరకొచ్చి వంగాడు. జేబులోంచి రబ్బరు జారి పీట మీద పడింది. అదేటని అచ్చియ్యమ్మ అడిగింది.

"ఏటీ లేదు," అన్నాడు.

రబ్బరు తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. తర్వాత అరచేతిలో నూనె పోసుకుని, మనవడి కుడికాలు పట్టుకుని, వాడికి నొప్పి తెలియకుండా మెల్లగా లాగాడు.