మావయ్యగారి పన్ను, ముందు సీటు బెల్టు

మావయ్యగారు పంటినొప్పితో మూలగడం మొదలుపెట్టి వారమైంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. అందుకే ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది: ఆయన్ని కారెక్కించి పళ్ల డాక్టరమ్మకు అప్పగించడం, ఇంటికొచ్చి నిద్రపోవడం. ఆవిడ మధ్యాహ్నం బండికి ఊరెళ్లిపోతోంది, మళ్లీ నెలకి గానీ రాదు. ఇవాళ తప్పితే ఇంకో నెల మూలుగే.

అల్లుడు నోరు మూసుకుని ఉంటే అంతా సవ్యంగానే జరిగేది. కానీ కారుతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని పొల్లుపోకుండా చదివిన మనిషాయె. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే తిన్నది అరగదు.

మావయ్యగారు ముందు సీట్లో కూర్చుని బెల్టును ఒక్క గుంజు గుంజారు. అది బిగుసుకుంది. మళ్లీ గుంజారు.

"అలా గుంజితే ప్రమాదం జరిగిందనుకుని పట్టేస్తుంది మావయ్యగారూ. మెల్లగా లాగండి."

ఆయన మెల్లగా లాగారు. మెల్లగానే, చివరి అంగుళం దాకా లాగారు. బెల్టు పెట్టుకున్నాక అది కిటకిటమంటూ వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తోంది గానీ, వేలెడు కూడా వదులవడం లేదు.

"అయ్యో, చివరిదాకా లాగేశారా! పసిపిల్లల సీటును కట్టే పద్ధతిలోకి మారిపోయింది. ఇక బిగుసుకోవడమే. ఫరవాలేదు, దిగేటప్పుడు విప్పుదాం."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

దారిలో అల్లుడు ఆయనకు ధైర్యం చెప్పాలనుకున్నాడు. ఎవరడిగారు?

"మీ ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఢీకొంటే రెప్పపాటులో ఉబ్బుతుంది. మనం ముందుకి తూలి దాని మీద పడకూడదు కదా, అందుకని బెల్టు మనల్ని వెనక్కి గుంజుతుంది. అందులో చిటికెడు మందు పేలుతుంది."

"ఏం మందు?"

"పేలుడు మందే."

ఆ తర్వాత మావయ్యగారి చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. ఢీకొంటే తప్ప అది పేలదన్న ముక్క ఆ తర్వాతే ఉంది.

ఆసుపత్రి ముందు కారాపి అల్లుడు బెల్టు విప్పే ఎర్ర బటన్ మీదికి చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్! మందుగుండు మీద కూర్చోబెట్టి మీట నొక్కుతావా?" అంటూ మావయ్యగారు బటన్‌ను అరచేత్తో కప్పేశారు. రెండో చెయ్యి అప్పటికే బెల్టు కింద ఇరుక్కుంది.

"ఆయన దగ్గర మీ పురాణం విప్పొద్దని చెప్పానా?" అని వెనక సీట్లోంచి భార్య తలకొట్టుకుంది. గొడవ విని ఆసుపత్రి వాచ్‌మన్ బెల్టు కొయ్యడానికి కత్తెర పట్టుకొచ్చాడు.

"కొత్త కారయ్యా!" అని అల్లుడు గోలపెట్టాడు.

"కారు కొత్తదే, నాన్న పాతవాడు! కొయ్యవయ్యా నువ్వు!" అంది భార్య.

ఇంతలో డాక్టరమ్మ చేతులకు తొడుగులతో, పటకారుతో వచ్చేసింది. "నాకు బండి టైమవుతోంది. దిగకపోతే ఇక్కడే పీకేస్తాను. కట్టడం బాగానే కట్టారు."

బటన్ వదిలితే పేలుడు, వదలకపోతే పటకారు. మావయ్యగారికి ఏం తోచలేదు. మెడ దగ్గరి బెల్టును పళ్లతో కరిచి, శక్తి కొద్దీ తల విదిలించారు. బెల్టు వెంట్రుకవాసి కదల్లేదు. పన్ను ఊడి ఒళ్లో పడింది.

ఆయన కెవ్వుమని నోటి మీద చెయ్యి వేసుకున్నారు. దొరికిందే సందని అల్లుడు బటన్ నొక్కాడు. టక్కుమని బెల్టు ఊడింది. ఏదీ పేలలేదు.

డాక్టరమ్మ ఆయన నోట్లో దూది కుక్కి, పన్నును ఎత్తి చూసింది. "వేరుతో సహా వచ్చేసింది. నేనైనా ఇంత శుభ్రంగా పీకలేను."

వారం రోజుల్లో మొదటిసారి మావయ్యగారి ముఖం తేటపడింది. అల్లుడికి ప్రాణం లేచొచ్చి మళ్లీ నోరు తెరిచాడు. "చూశారా, అదీ బెల్టు పట్టంటే! లోపల ఒక చక్రం..."

"నోరలాగే ఉంచండి," అంటూ డాక్టరమ్మ అల్లుడి నోట్లోకి టార్చి వేసింది. "కింద రెండు పుచ్చిపోయాయి. మత్తుమందు ఎలాగూ ఎక్కించి పెట్టాను, వృథా ఎందుకు? లోపలికి రండి."

అల్లుడు భార్య వంక దీనంగా చూశాడు. ఆవిడ కారు తలుపు తీసి పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురిలో ఇద్దరు హాయిగా నిద్రపోయారు.