సొంత కారులో రాజీనామా

వంతెన మంజూరు చేయకపోతే సాయంత్రంలోగా పదవిని గడ్డిపోచలా వదిలేస్తానని మంత్రిగారు టీవీల ముందు ప్రకటించారు. వెనక నిలబడ్డ పీయే మనసులో లెక్క వేసుకున్నాడు. పదవి పోయినా మంత్రిగారికి పేరు మిగులుతుంది. పీయేకి మిగిలేది పాత ఆఫీసులో మెట్ల కింద కుర్చీ.

వద్దని బతిమాలే ఫోను కోసం మంత్రిగారు మధ్యాహ్నం దాకా ఎంతో ఓపికగా ఎదురుచూశారు. చివరికి ప్రధానిగారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"ఎప్పుడొస్తున్నారు? సార్ మళ్లీ మీటింగ్‌కి వెళ్లిపోతారు."

ఇక తప్పదని మంత్రిగారు లేచారు. ఆఫీసు పోర్టికోలో ఆయన సొంత కారు, కొత్తది. తాళం చెవి పెట్టి తిప్పే పని లేదు. రిమోట్ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. డ్రైవర్ నొక్కాడు. టిక్కుటిక్కుమంది. మళ్లీ నొక్కాడు. ఈసారి అదీ అనలేదు.

"బ్యాటరీ చచ్చింది సార్."

మంత్రిగారి ముఖం వెలిగింది. వెంటనే సర్దుకుని ఆగ్రహించారు. "కుట్ర! నా రాజీనామాని ఆపడానికి ఇంతకి తెగిస్తారా!"

కార్యకర్తలు చొక్కా చేతులు పైకి మడిచారు. "తోసేద్దాం అన్నా!"

"తోస్తే స్టార్టయ్యే బండి కాదు ఇది," అన్నాడు డ్రైవర్.

ఆ పదవి మీద చాలాకాలంగా కన్నేసిన సొంత పార్టీ సభ్యుడు ముందుకొచ్చాడు. "నా కారుంది కదన్నా. మీకోసం ఏసీ కూడా వేసే ఉంచాను."

"ఇంకొకరి కారులో వెళ్లి ఇస్తే అది ఇంకొకరి రాజీనామా అవుతుంది తమ్ముడూ."

"పోనీ, పక్క వీధే కదా. నడుద్దామా?"

"ఇంతమందితో నడిస్తే ఊరేగింపు అంటారు. పోలీసు పర్మిషన్ కావాలి. నాచేత చట్టం ఉల్లంఘింపజేస్తావా?"

ఆయన నిష్ఠకి పీయే కళ్లు చెమర్చాయి. ఇంతలో మంత్రిగారికి భార్య ఫోను.

"ఏవండీ, క్వార్టర్స్‌లో కర్టెన్లు విప్పెయ్యనా?"

"ఉండవే. ఇంకా బ్యాటరీకి ప్రాణం రాలేదు."

కానీ టీవీ విలేకరికి ఓపిక అయిపోయింది. "పొద్దుటి నుంచి లైవ్ అని చెప్పుకుంటున్నాం. మా పరువేం కావాలి?" అంటూ తమ వ్యాను దగ్గరకి తెచ్చి, రెండు బ్యాటరీలకీ కేబుళ్లు తగిలించాడు. కారు గర్జించింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కొట్టారు, కాస్త ఆలస్యంగా. వ్యాను ముందుగానే ప్రధాని ఆఫీసుకి పరుగెత్తింది.

"ఇంజన్ ఆపకూడదు సార్. ఇప్పుడు ఆపితే మళ్లీ లేవదు," అన్నాడు డ్రైవర్.

"నిజంగానా?" అన్నారు మంత్రిగారు వెనక సీట్లో సర్దుకుంటూ. "అసలు లేవదా?"

"అస్సలు లేవదు సార్."

గేటు దగ్గర అభిమానులు కారుకి అడ్డం పడ్డారు. ఇంజన్ అలాగే ఉంచి, వాళ్లని పక్కకి జరపడానికి డ్రైవర్ దిగాడు. సొంత పార్టీ సభ్యుడైతే ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లాగేస్తున్నాడు. దారి దాదాపు ఖాళీ అయింది.

ముందు సీట్లో ఇక పీయే ఒక్కడే. ఉద్యోగంలో చేరాక చెప్పని పని ఒక్కటీ చేసి ఎరగడు. చూపు జనం మీదే నిలిపి, చెయ్యి మాత్రం మెల్లగా స్టీరింగ్ పక్కకి పోనిచ్చాడు.

బటన్ వెచ్చగా తగిలింది. అది బటన్ కాదు. వెనక నుంచి ముందుకి వంగిన మంత్రిగారి వేలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మంత్రిగారు రెండో చేత్తో కిటికీలోంచి జనానికి అభివాదం చేస్తూనే ఉన్నారు.