బానెట్ అతుకు

తిప్పేష్ ఒక్కచోట కుదురుగా నిలబడే మనిషయ్యుంటే హనుమంతప్ప బతుకు ఈపాటికి ఒడ్డున పడి ఉండేది. సొంత బావమరిది. కుర్చీ చూపించినా కూర్చోడు, మంచం వాల్చినా కూర్చోడు. శనివారం సాయంత్రం మాత్రం సెల్ఫీ కోసమని కారు బానెట్ మీద కూర్చున్నాడు. అది రేకు బానెట్ కాదు, ఫైబర్‌ది. టప్పుమంది. హెడ్‌లైటు దగ్గర మొదలైన పగులు జానెడు దూరం పైకి పాకి, ఇంకా పోదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఆదివారం పదకొండింటికి ఆ కారు కొనడానికి బెంగుళూరు నుంచి గౌతమి మేడం వస్తోంది.

ఒంటినిండా ఫైబరే ఉన్న రెండు తలుపుల బండి అది. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బెంగుళూరులో ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేసిన హనుమంతప్పకు, షావుకారు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని అంటగట్టాడు. గార్లదిన్నె పక్కనున్న ఆ పల్లెలో పదేళ్లుగా అందులో కోళ్లు పొదుగుతున్నాయి. పాత కార్లు పోగేసే గౌతమి మేడం ఫోటో చూసి ముచ్చటపడింది.

కారు పోతే పొలం వస్తుంది. నాలుగేళ్ల కిందట పెరట్లో బోరు వేయించడానికి హనుమంతప్ప తన ఎకరా డెబ్బై సెంట్ల పొలం అదే ఊరి ఎర్రన్నకు అమ్మాడు. బోరు ఆరు వందల ఎనభై అడుగులు దిగి దుమ్ము కక్కింది. ఆ పొలంలో ఎర్రన్న వేయించిన బోరూ అదే దుమ్ము కక్కింది. విసుగెత్తి ఎర్రన్న పదిమందిలో మాటిచ్చాడు: "ఉగాది లోపల నా దుడ్లు నాకియ్యి హనుమంతప్పా. ఆ ఎండిన పొలం నువ్వే తీసుకో." ఉగాది మంగళవారం.

ఆదివారం తెల్లవారుతూనే హనుమంతప్ప పెరట్లో బోరు మీది బండ పక్కకు జరిపి, పైపుకు చెవి ఆనించాడు. చెరువుకు కాలవ నీళ్లు వచ్చి పది రోజులైంది. ఆ పది రోజులుగా బోరు ఊపిరి తీస్తోంది. లోపలి నుంచి చల్లగా, తడిమన్ను వాసనతో, నిద్రలో మనిషి వదిలినట్టు ఒక గాలి వచ్చి చెంప తాకుతుంది. కళ్లు మూసుకుంటే అతనికి పొలమంతా వేరుశనగ చెట్టు పూత పట్టి పచ్చగా కదిలేది. చెట్ల సందున నీళ్లు, నీళ్లలో ఆకాశం, ఆకాశంలో ఒక కొంగ.

"అది బోరు ఊపిరి కాదు, నీ చెవిలో గాలి," అంది భార్య చౌడమ్మ. కొంగ ఎగిరిపోయింది.

పగులుకు అతుకు షెడ్డులో వేయిస్తే రెండు రోజులు పడుతుందన్నారు. ఇంట్లోనే చేద్దామని ఫోన్‌లో వీడియో చూపించింది తిప్పేషే. పగులు ముందుకు పాకకుండా కొనన సన్న బెజ్జం వేయాలి. లోపలివైపు ఉప్పుకాగితంతో గరుకు పెట్టి, ఫైబర్ పీచుగుడ్డ పరిచి, రెజిన్ పూయాలి. రెజిన్ గట్టిపడటానికి అందులో హార్డనర్ కలపాలి. మన ఎండకు హార్డనర్ చాలా తక్కువ వేయమని రెజిన్ అమ్మిన అంగడి అతను మరీమరీ చెప్పి పంపాడు.

ప్లాస్టిక్ మగ్గు కరుగుతుందేమోనని చౌడమ్మ పుట్టింటి ఇత్తడి చెంబు తీసుకున్నారు, ఆమెను అడక్కుండా. హనుమంతప్ప చెంబు నిండా రెజిన్ పోసి, కొలిచి హార్డనర్ కలిపాడు. అంతలో బోరు గట్టిగా ఊపిరి తీసినట్టనిపించి, ఒక్క నిమిషం అటు పోయాడు. చేతులు కడుక్కుని వచ్చిన తిప్పేష్ చెంబు చూశాడు. మేడం వచ్చేలోపు ఆరాలి కదా అని రెండు మూతలు ధారాళంగా పోశాడు.

మొదటి పూత బాగానే పడింది. తిప్పేష్ చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, బానెట్ కింద తలదూర్చి, పీచుగుడ్డను అదిమి పట్టుకున్నాడు. రెండో పూతకని హనుమంతప్ప బ్రష్ ఎత్తబోతే చెంబు కూడా లేచింది. చెంబు కాలుతోంది. పొగ మొదలైంది.

"రేయ్ తిప్పేషా, నువ్వు గానీ హార్డనర్ ఏసినావా?"

"ఏసినా బావా. నువ్వు మర్చిపోతావని."

హనుమంతప్ప టవలుతో చెంబు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఒకపక్క ఎద్దులకు ఏడాది మేత, ఎండు శనక్కట్టె వామి. ఇంకోపక్క కొట్టం. పొగ చూసి చౌడమ్మ బయటికి వచ్చింది.

"వామి దగ్గర పెట్టొద్దు. ఆ పనికిమాలిన బోర్లో ఏయ్."

వేశాడు. చేతికి అంటుకున్న మిగతా పీచుగుడ్డా వేశాడు. చెంబు ఠంగుఠంగుమంటూ దిగి, ఎక్కువ దూరం పోకుండానే ఇరుక్కుంది. పొగ వచ్చింది, తగ్గింది. హనుమంతప్ప చెవి ఆనించాడు. ఊపిరి లేదు.

"అది నా చెంబేనా?" అంది చౌడమ్మ.

గౌతమి మేడం పదకొండింటికి వచ్చేసరికి తిప్పేష్ ఇంకా బానెట్ కిందే ఉన్నాడు. కవరు అతుకులో కలిసిపోయి చెయ్యి ఊడి రాలేదు. ఇంత ఎండలో, పిలిచినా వెనక్కి తిరక్కుండా పని చేసే మనిషిని తానెక్కడా చూడలేదని ఆమె అబ్బురపడింది. పగులు మీద వేలితో కొట్టింది. రాయిలా పలికింది. రంగు తాను వేయించుకుంటానంది. ఎవరు చేశారని అడిగింది.

"నేనే మేడం," అన్నాడు తిప్పేష్. "బయటోళ్ల చెయ్యి పడనియ్యం." కవరును అక్కడే వదిలేసి చెయ్యి అప్పుడు ఊడి వచ్చింది. అనుకున్న ధర ఇచ్చి, తిప్పేష్ నంబరు రాసుకుని ఆమె కారును లారీ ఎక్కించుకుపోయింది.

డబ్బు సంచీతో హనుమంతప్ప పొలంగట్టున నడిచాడు. ఎండలో దూరం కరిగి, నేల నీళ్లలా ఊగుతోంది. పొలం మధ్యలో ఇంద్రధనుస్సు కనబడింది. కలే అనుకుని దాని దగ్గరికే పోయాడు. ముఖం మీద తుంపర పడింది. ఎర్రన్న బోరు మోటరు లేకుండానే మనిషెత్తు నీళ్లు చిమ్ముతోంది. కింద ఎర్రన్న పంచె ఎగగట్టి తడుస్తున్నాడు. గట్టు మీద నిజంగానే ఒక కొంగ ఉంది.

"తెల్లార్నుంచి బుస కొడతా ఉండె," అన్నాడు ఎర్రన్న. "సరిగ్గా తొమ్మిదిన్నరకు తన్నుకొచ్చింది."

తన బోర్లో చెంబు పడి ఊపిరి ఆగింది కూడా తొమ్మిదిన్నరకే. హనుమంతప్ప సంచీ ముందుకు చాపాడు.

ఎర్రన్న ముఖం తుడుచుకున్నాడు. "మాటిచ్చింది వాస్తవమే అప్పా. ఎండిన పొలం తీసుకోమన్నా. ఇందులో ఎండింది యాడుండాదో చూపించు, ఇప్పుడే ఇచ్చేస్తా."

పెరట్లో బోరును మూడు రోజులు ఇనుప కడ్డీతో పొడిచారు. కడ్డీ వంగింది. ఫోన్ చేస్తే తిప్పేష్ బెంగుళూరు నుంచి మాట్లాడాడు. గౌతమి మేడం కార్లన్నిటికీ ఇప్పుడు అతుకులు వేసేది అతనే. "మన అతుకు ఊడదు బావా," అన్నాడు గర్వంగా.

చెంబు సంగతి చౌడమ్మ మొగుడితో వేరే తేల్చుకుంటోంది. అది కాక పోయింది ఎకరా డెబ్బై సెంట్లు.